కొక్కేలకు వేలాడిన బిళ్ళలు

ముప్పై మూడేళ్ళు ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఏ పదోన్నతి ఎప్పుడు వచ్చింది, ఏ బదిలీ ఎవరి వల్ల ఆగింది అన్నవి ఇక్కడ రాయడం లేదు. అలాంటివి చదివి బాగుపడిన వాళ్ళెవరూ నాకు కనపడలేదు.

మా అక్క మనవరాలు ఈ ఏడు మహారాష్ట్రలో, మా చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఒక బడిలో టీచరుగా చేరింది. మొన్న వచ్చి, "తాతా, కాలేజీల చెప్పింది ఒకటి, బడిల ఉన్నది ఒకటి. నువ్వు ఎట్ల జేసినవో రాసియ్యరాదు" అని పట్టుకుంది. ఆ పిల్ల మరాఠీలోనే చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగుతుంది. నేనూ మరాఠీ బడివాణ్ణే. తెలుగు రాత మా నాయన పొలం గట్టు మీద కూర్చోబెట్టి నేర్పాడు. కాబట్టి ఆమెకు అందేలా సులువుగా రాస్తాను. గొప్పలు తక్కువ ఉంటాయి, తప్పులు ఎక్కువ ఉంటాయి. మాస్టారు చేసిన తప్పులే కొత్తవాళ్ళకు పనికొస్తాయని నా నమ్మకం.

మూడు కాళ్ళ ఎద్దు

నా మొదటి ఉద్యోగం గోండ్‌పిప్రి దగ్గర ఒక చిన్న ఊళ్ళో. అప్పుడు నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడూ ఉందని మా ఇంటావిడ అంటుంది.

మా వైపు ఎద్దులను పూజించే పోళా పండుగ మర్నాడు పిల్లలు చక్రాల మీద నిలబెట్టిన కొయ్య ఎద్దుల్ని అలంకరించి ఊరంతా తిప్పుతారు. ఆ ఏడు మూడో తరగతి పిల్లవాడొకడు తన ఎద్దును బడికి తెచ్చి, నేను లెక్కలు చెబుతుంటే బల్ల కింద దాన్ని అటూ ఇటూ లాగుతున్నాడు. లాక్కుని నా బల్ల మీద పెట్టాను. దానికి ఒక కాలు పొట్టిది. నిలబడలేక పక్కకు పడిపోయింది. క్లాసంతా నవ్వింది. వాడు ఏడ్చాడు.

మా హెడ్మాస్టరు మరాఠీ ఆయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. గొంతు పెంచడం ఆయనకు తెలియదు. సాయంత్రం నన్ను పిలిచి ఆ ఎద్దును, ఒక స్కేలును నా ముందు పెట్టాడు. "మిగతా మూడు కాళ్ళు కొలువు. నాలుగోది ఎంత ఉండాలో చెప్పు. చెక్కు. అతికించు. అప్పుడు ఇంటికి వెళ్ళు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ కొలిచాను, చెక్కాను, రెండుసార్లు తప్పాను. బరువు ఎటు పడుతుందో, కొయ్య పేడు ఎటు లేస్తుందో, వెనక కాలు ముందు కాలు కంటే ఎందుకు వంగి ఉంటుందో అన్నీ ఆ ఒక్క కాలులో ఉన్నాయి. నేను వారమంతా నల్లబల్ల మీద చెప్పలేకపోయిన లెక్క ఆ బొమ్మలో ఉంది. మర్నాడు క్లాసంతటితో ఎద్దుల్ని కొలిపించాను.

ఆ రోజు నుంచి ఒక వస్తువును మధ్యలో పెట్టి, దాని చుట్టూ లెక్కలు, భాష, విజ్ఞానం, భూగోళం అన్నీ చెప్పడం నా పద్ధతి అయింది. వస్తువు బాగుంటే పాఠం దానంతట అదే నడుస్తుంది. ఇది నాకు బాగా వచ్చని మూడు దశాబ్దాలు అనుకున్నాను. అంత అనుకోవడం మంచిది కాదని చివర్లో తెలిసింది.

ఏడు కమానులు

నా ఆఖరి బడి చంద్రపూర్‌లో, లాల్‌పేట్ బొగ్గు గనుల కార్మికుల ఇళ్ళకు దగ్గరలో ఉంది. పిల్లల్లో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. తాతల కాలంలో తెలంగాణ నుంచి బొగ్గుబాయిలో పనికి వచ్చిన కుటుంబాలు. నేను కోర్పనా వైపు పత్తి పండించే ఇంటివాణ్ణి. భాష ఒకటే గదా, వీళ్ళ సంగతులన్నీ నాకు తెలుసనుకునేవాణ్ణి.

నాగపూర్‌లో శిల్పకళ చదివిన మృణాల్ అనే అమ్మాయి ఒక రోజు మా బడికి వచ్చింది. బడి ఆవరణలో పిల్లలు తాకి, ఎక్కి, దూరి చూసుకునే శిల్పం ఒకటి చేసి పెడతానంది. దేవుడి విగ్రహం కాదు, నాయకుడి విగ్రహం అసలే కాదు. పై అధికారుల అనుమతి కాగితం కూడా తానే తెచ్చుకుంది. నేను అప్పటికి హెడ్మాస్టర్ని. ఎగిరి గంతేశాను.

భంగారు దుకాణాల్లో, అంటే పాత ఇనుము అమ్మే చోట్ల, నెల రోజులు తిరిగింది ఆ పిల్ల. గని సొరంగంలో కప్పు కూలకుండా నిలబెట్టే వంపు దూలాలు ఏడు తెచ్చింది. వాటిని కోసి, అతికి, ఒకదాని వెనక ఒకటిగా ఏడు కమానులు నిలబెట్టింది. మొదటిది మనిషి కంటే ఎత్తు. చివరిది రెండో తరగతి పిల్ల నడుము దాకా వస్తుంది. ముందు నిలబడి చూస్తే నేలలోకి పోయే సొరంగంలా ఉంటుంది. కమానుల మధ్య ఇనుప తాడు లాగి, దానికి వరసగా కొక్కేలు పెట్టి, ప్రతి కొక్కేనికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడదీసింది. రూపాయి కంటే పెద్దవి, గుండ్రటివి, మీద నంబర్లు కొట్టి ఉన్నాయి. మూతపడిన ఒక పాత గనివట, భంగారు దుకాణంలో సంచి అడుగున దొరికాయి. గాలి వీస్తే గలగలమని మోగేవి.

పిల్లలు ఒక్క పూటలో దాన్ని సొంతం చేసుకున్నారు. మూడో తరగతివాళ్ళు కమానుల ఎత్తు కొలిచి గోడ మీద గీతలు గీశారు. నాలుగో తరగతి బిళ్ళల మీది నంబర్లను సరి, బేసి అని విడదీసింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కమానుల నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టాం. తుప్పు ఎందుకు పడుతుందో తెలుసుకోవడానికి తడిబట్టలో మేకులు చుట్టాం. చంద్రపూర్ ఎండకు మధ్యాహ్నం ఇనుము మీద చెయ్యి పెట్టలేం, పక్కనున్న ఇటుక మీద పెట్టగలం. ఎందుకు అని అడిగితే, నాలుగు రోజులు వాదించుకున్నారు.

మా పర్యవేక్షక సాహెబ్ తనిఖీకి వచ్చి కమానుల్ని చుట్టూ తిరిగి చూసి, "ఇది ఏ సబ్జెక్టు పీరియడ్ కిందికి వస్తుంది?" అని అడిగాడు. అన్నింటి కిందికీ వస్తుంది సాహెబ్ అన్నాను. "అయితే టైంటేబుల్లో ఎక్కడ రాశారు?" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మనసులో అనుకుని, చిత్రలేఖనం అని రాసేశాను. ఇలాంటి చోట పోట్లాడి ప్రయోజనం లేదు. గడిలో వాళ్ళకు కావలసిన మాట రాయండి, మీ పని మీరు చేసుకోండి.

శ్రావణి అడిగిన ప్రశ్న

నాలుగో తరగతిలో శ్రావణి అనే అమ్మాయి ఉండేది. మంచిర్యాల వైపు అమ్మమ్మ ఇంట్లో పెరిగి, ఏడాది కిందటే తండ్రి దగ్గరికి వచ్చింది. తల్లి లేదు. తండ్రిది కాంట్రాక్టు కింద ఓపెన్‌కాస్టు గనిలో పని. పెంచేది నానమ్మ నర్సవ్వ. శ్రావణికి మరాఠీ రాదు. హిందీ అంతంత మాత్రం. నోట్లో నాలుక లేని పిల్ల అంటారే, అలా ఉండేది. ఏడాదంతా హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప మాట పలకలేదు.

ఒక రోజు మూడో కమాను కింద చతికిలబడి చాలాసేపు చూసి, నన్ను తెలుగులో అడిగింది. "సార్, ఇది లోపలికి పోతుందా? బయటికి వస్తుందా?"

ఆ మాటను మరాఠీలో క్లాసు ముందు పెట్టాను. క్లాసు రెండు ముక్కలైంది. పెద్ద కమాను వైపు నిలబడ్డవాళ్ళు లోపలికి పోతుందన్నారు. చిన్న కమాను వైపు నిలబడ్డవాళ్ళు బయటికి వస్తుందన్నారు. ఎవరి పక్షం వాళ్ళు కాగితం మీద రాయాలన్నాను. శ్రావణి పక్కపిల్లను అడిగి అడిగి, మరాఠీలో నాలుగు వాక్యాలు రాసింది. వంకర అక్షరాలు, సగం తప్పులు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారి పొడుగునా నాలో నేను నవ్వుకున్నాను.

చప్పట్లు పడని శనివారం

ఒక శనివారం పొద్దున తల్లిదండ్రులందరినీ పిలిచాం. పిల్లలు కమానుల పక్కన నిలబడి తాము కొలిచినవి, రాసినవి చెప్పారు. గాలి బాగా వీస్తోంది. బిళ్ళలు మోగుతున్నాయి.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలాయన ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళు గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగారు. నర్సవ్వ శ్రావణి చెయ్యి పట్టుకుని, పిల్ల వెనక్కి వెనక్కి చూస్తున్నా ఆగకుండా లాక్కుపోయింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాపం, వీళ్ళకు ఆధునిక శిల్పం అర్థం కాలేదనుకున్నాను. మైకు తీసుకుని శిల్పం అంటే దేవుడి బొమ్మ ఒక్కటే కాదనీ, కొత్త కళను చూడటం నేర్చుకోవాలనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. విని వెళ్ళిపోయారు.

సోమవారం బడికి సగం మంది పిల్లలు రాలేదు.

నర్సవ్వ చెప్పింది

మధ్యాహ్నం నర్సవ్వ ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. శ్రావణి లోపల బట్టలు సంచిలో సర్దుతోంది. నన్ను చూసి తల దించుకుంది.

"నర్సవ్వా, పిల్లను బడికి తోలలేదేమమ్మా?"

"మంచిర్యాల పంపుతున్న సారు. మా బిడ్డ నీళ్ళాడింది. పసిపిల్లను ఎత్తుకోవడానికి ఒక మనిషి గావాలె. గురువారం బస్సుకు పోతది."

"మరి చదువు?"

"చూద్దాం."

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మాటల్లో ఇది ఒకటి. ఆడపిల్ల చదువు గురించి అడిగినప్పుడు 'చూద్దాం' అంటే అది అయిపోయినట్టే. పిల్ల ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది, నాలుగు వాక్యాలు రాసింది, ఇప్పుడు ఆపొద్దు అని బతిమాలాను. నర్సవ్వ చాట పక్కన పెట్టింది.

"ఆ బిళ్ళల కింద నా మన్మరాలు కూసుంటదా సారు? నువ్వు సదువుకున్నోనివి. గా బిళ్ళలు అట్ల యాలాడితే ఏందో నీకు ఎర్కలేదా?"

తెలియదు అన్నాను.

అప్పుడు చెప్పింది. పాత గనుల్లో పద్ధతి అది. పనికి దిగేటప్పుడు కార్మికుడు ల్యాంపుల గదిలో తన నంబరు బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. బిళ్ళను కొక్కేనికి తగిలిస్తారు. షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక లైటు ఇచ్చేసి, బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. కొక్కేం ఖాళీగా ఉంటే మనిషి ఇంటికి పోయాడని. బిళ్ళ వేలాడుతుంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని.

"మా ఆయన బాయిల దిగినప్పుడు ఒకసారి కప్పు కూలింది. నేను పొద్దుగాల వొయ్యి ల్యాంపుల గది కిటికీ కాడ నిలవడ్డ. నాకు సదువు రాదు. ఆయన బిళ్ళ మీది గీతలు మాత్రం ఎర్కే. ఒక్కొక్కలు వస్తుండ్రు, ఒక్కొక్క బిళ్ళ తీస్తుండ్రు. ఆయన బిళ్ళ ఒక్కటే ఉన్నది. పొద్దుగూకేదాంక అట్లనే సూస్తనే ఉన్న. బొట్టు తీసేసుకున్న సారు, నా చేతుల్తోని నేనే తుడుసుకున్న."

"అయ్యో, ఆయన..."

"సావలే. ఇంకో తొవ్వకెల్లి బయటికి తెచ్చి సీదా దవాఖానకు తీసుకపోయిన్రట. నడుము ఇరిగింది. ఇంకా పన్నెండేండ్లు బతికిండు. గాని బిళ్ళ సంగతి ఎవ్వరికీ యాదిలేదు. ఆ బిళ్ళ ఆయన చేతికి తిరిగి ఎవ్వరూ ఇయ్యలే. సచ్చేదాంక అనేటోడు, నేనింకా పైకి రాలేదే నర్సీ అని." చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "మీ బడిల గన్ని బిళ్ళలు. గాలికి ఊగుతున్నయి. గన్ని మంది కిందనే ఉన్నట్టు."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. వస్తువును చూడండి, తాకండి, అడగండి అని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఈ బిళ్ళ ఎవరి జేబులోది అని నేను ఒక్కసారి అడగలేదు. శనివారం ఆ ముసలాయన టోపీ ఎందుకు తీశాడో ఆ గడప దగ్గర అర్థమైంది. శిల్పాన్ని ఆ రోజు అందరికంటే బాగా చదివింది వాళ్ళు. చదవడం రానిది నాకు.

పిలవాలె, మనిషి రావాలె

సాహెబ్‌కు అప్పటికే కబురు అందింది. "గ్యాస్ కట్టర్‌వాణ్ణి పిలిచి మొత్తం కోయించేయండి, గొడవ వద్దు" అని ఫోనులో చెప్పాడు. కోయించకుండా బిళ్ళలు మాత్రం తీద్దామంటే మృణాల్‌కు కోపం వచ్చింది. బిళ్ళలు తీస్తే అందులో ప్రాణమే ఉండదంది. మింగలేక కక్కలేక ఒక రోజు గడిపాను. శిల్పం కోయించేస్తే కొట్లాట ఆగుతుంది. కానీ గురువారం బస్సు ఆగదు.

మంగళవారం మళ్ళీ నర్సవ్వ దగ్గరికే వెళ్ళాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. "తప్పు నాదే అవ్వా. ఆ బిళ్ళలు తీయాలి. ఎట్లా తీయాలో నువ్వు చెప్పు" అన్నాను.

నర్సవ్వ గడప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "ఎవలువడితే వాళ్ళు తెంపొద్దు. నంబరు పిలవాలె. మనిషి రావాలె. చేతిల వెట్టాలె."

"ఎవరు పిలవాలి?"

"గది నువ్వే సూసుకో."

"నీ మనవరాలు పిలుస్తుంది. రేపు బుధవారమే. ఒక్క పూట పంపు."

లోపల సంచి సర్దుతున్న చప్పుడు ఆగింది.

ఆ సాయంత్రం నేను, మరో టీచరు ఇల్లిల్లూ తిరిగాం. ఫలానా పాత గనిలో పనిచేసినవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు రేపు పొద్దున బడికి రండి, మీ బిళ్ళ తీసుకోండి అని చెప్పాం. గని మూసినప్పుడు అందరి బిళ్ళలూ వెనక్కి తీసుకున్నారట. నంబరు గుర్తుందా అని అడగాల్సిన పని పడలేదు. పెన్షన్ పుస్తకం ఎక్కడుందో మరిచిపోయినవాళ్ళు కూడా బిళ్ళ నంబరు టక్కున చెప్పారు.

బుధవారం నర్సవ్వ శ్రావణిని తీసుకుని వచ్చింది. శ్రావణి మొదటి కమాను కింద నిలబడింది. మొదటి బిళ్ళ పట్టుకుని నంబరును మరాఠీలో పిలిచింది. పక్కనున్నవాళ్ళకు తప్ప వినపడలేదు. తర్వాత హిందీలో, ఆ తర్వాత తెలుగులో.

ముందు వరసలో పోశన్న అని ఒక ముసలాయన. శనివారం టోపీ తీసింది ఆయనే. "గట్టిగ పిలువు బిడ్డా" అన్నాడు. "కిందున్నోళ్ళకు ఇనవడాలె."

ఆ మాటకు పిల్ల ముఖం మారింది. గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది. గోడ అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఏడాదంతా మాట పలకని పిల్ల గొంతు అది. ఒక్కొక్కరు లేచి వచ్చారు. పోశన్న తన బిళ్ళ అంచున ఉన్న సొట్టను బొటనవేలితో తడిమి, "నాదే" అని జేబులో వేసుకున్నాడు. తండ్రి బదులు కొడుకు వచ్చాడు, భర్త బదులు భార్య వచ్చింది. మూడు భాషల్లో నంబర్లు పిలిచీ పిలిచీ శ్రావణి గొంతు బొంగురుపోయింది.

చివరికి నర్సవ్వ లేచి నాతో అంది, "మా ఆయనది ఈ బాయి గాదు సారు. గోదావరి అవుతలిది. ఆయన బిళ్ళ ఇందుల ఉండదు. అయినా ఒక్కపారి పిలిపియ్యి."

నంబరు పిల్ల చెవిలో చెప్పింది. శ్రావణి చేతిలో బిళ్ళ లేదు. ఖాళీ చెయ్యి ఎత్తి పిలిచింది, "నాలుగు వందల పదిహేడు!"

"వచ్చిండు" అంది నర్సవ్వ.

నేను ఏడ్చాను. హెడ్మాస్టరు పిల్లల ముందు ఏడవకూడదని ఏ నియమంలోనూ లేదు.

ఇరవై చిల్లర బిళ్ళలు మిగిలాయి. వాటి మనుషులు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. వాటిని ఏం చేద్దామని నర్సవ్వనే అడిగాను. "పిలువుండ్రి. ఎవ్వలు రాకుంటే పిల్లలు తీసుకోని ఇంటికి కొంటవోతరు. బిళ్ళ ఇల్లు చేరాలె, గంతే" అంది. అలాగే చేశాం. మొదటి రోజుల్లో బిళ్ళల నంబర్లను విడదీసింది నాలుగో తరగతే కనక ఆ బిళ్ళలు వాళ్ళకిచ్చాం. శ్రావణికీ ఒకటి వచ్చింది.

శుక్రవారం పొద్దున హాజరు పిలిచాను. శ్రావణి పేరు పిలిచి రిజిస్టరు మీది నుంచి తలెత్తాను. "హాజర్ గురూజీ" అని మరాఠీలో కేక వినపడింది. మంచిర్యాలకు నర్సవ్వ తానే వెళ్ళింది, పసిపిల్లను ఎత్తుకోవడానికి. నెల రోజులు శ్రావణికి తండ్రే వండిపెట్టాడు. రోజూ మాడిన అన్నమేనని పిల్ల ఫిర్యాదు చేసేది.

పిల్లలు పెట్టుకున్న నియమం

ఖాళీ కొక్కేలతో శిల్పం మూగబోయింది. సాహెబ్ కూడా ఇక దాని సంగతి ఎత్తలేదు. మృణాల్ మాత్రం అలిగి నాగపూర్ వెళ్ళిపోయింది. ఆమె కోపం కూడా న్యాయమే. చేసిన పనిని ఇతరులు విప్పుతుంటే ఎవరికి బాధ ఉండదు?

తర్వాత జరిగింది నా గొప్ప కాదు. జేబులో బిళ్ళ పారేసుకుంటానని భయపడి నాలుగో తరగతి పిల్లలు పొద్దున రాగానే కొక్కేనికి తగిలించడం మొదలుపెట్టారు. సాయంత్రం తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు. నెల తిరిగేసరికి మిగతా క్లాసులూ మాకూ కావాలన్నాయి. డబ్బా మూతలు కోసి, అంచులు రాకి, మేకుతో నంబర్లు కొట్టుకుని సొంత బిళ్ళలు చేసుకున్నారు. నాకు కూడా ఒకటి చేశారు, ఒకటో నంబరు. బడి నడిచినంతసేపు కమానులు మోగేవి. గంట కొట్టాక ఒక్కొక్క చప్పుడే తగ్గి, ఆఖరి పిల్ల వెళ్ళాక ఆగిపోయేది. ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్ళారు, ఇంకా ఎవరు లోపల ఉన్నారు అనే లెక్కకు నాకు రిజిస్టరు అక్కర్లేకపోయింది.

మంచిర్యాల నుంచి వచ్చాక నర్సవ్వ రోజూ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేది. శ్రావణి కోసమే అనుకున్నాను. పిల్ల ముందే ఇంటికి పోయినా ఆమె ఉండేది. కొక్కేలన్నీ ఖాళీ అయ్యాయో లేదో చూసుకుని అప్పుడు కదిలేది.

కొత్త టీచర్లకు నేను చెప్పేది ఒక్కటే. బడిలోకి ఏ వస్తువు తెచ్చినా, మన పాఠం మొదలవకముందే అది ఎవరికో ఒక పాఠం చెప్పి ఉంటుంది. ముందు ఆ మనుషుల్ని అడగండి. మూడో కమాను కింద కూర్చున్న పిల్లను అడగండి, గేటు దగ్గరి నుంచి వెనక్కి తిరిగిన మనిషిని అడగండి. నేను అడిగింది తప్పు చేశాక. మీరు ముందే అడగండి.

ఆఖరి సాయంత్రం

ఆ మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, కొబ్బరికాయ ఇచ్చారు, నా గురించి అబద్ధాలు చెప్పారు. మృణాల్ కూడా వచ్చింది. డబ్బా మూతల బిళ్ళల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. వెళ్ళేటప్పుడు కొక్కేల తాడు ఒక చోట వదులైందని చెప్పి, తానే బిగించి వెళ్ళింది.

పొద్దున నా బిళ్ళను అలవాటుగా మొదటి కమానుకు తగిలించాను. సాయంత్రం తీయబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళ బడి, నా గుర్తుగా ఒక్కటి ఇక్కడే ఉండనీ అనిపించింది. శాలువా సర్దుకుని నెమ్మదిగా గేటు వైపు నడిచాను.

"సారు! ఆగు!"

నర్సవ్వ. పక్కనే శ్రావణి. వెనక కమానుల్లో గాలికి ఒకే ఒక్క బిళ్ళ టంగుమంటోంది.

"ఉండనీ అవ్వా" అన్నాను. "నా యాదిగా ఉంటుందని వదిలేశాను."

"ఎంత సదివినా నీకు తెల్వి రాదు" అని ముసలమ్మ కసిరింది. మనవరాలి వైపు తిరిగి, "పిలువే" అంది.

శ్రావణి పరుగెత్తి వెళ్ళి బిళ్ళ పట్టుకుంది. రోడ్డు దాకా వినపడేలా అరిచింది, "ఒకటి!"

నేను వెనక్కి నడిచి మొదటి కమాను కింద నిలబడ్డాను. "వచ్చిన" అన్నాను.

పిల్ల బిళ్ళను నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. నర్సవ్వ కొక్కేల వరసంతా ఒకసారి చూసుకుంది. అన్నీ ఖాళీ.

"ఇగ ఇంటికి పో సారు" అంది.